అక్షరములకు ముందటి గురువు

ఎద్దును కొనబోయిన రైతు సంతలో దాని పండ్లు చూచును, సుడులు చూచును, గిట్టలు చూచును. అంతటితో తృప్తి నొందక, కాడి గట్టి నాలుగు చాళ్లు దున్నించి, ఆ పిమ్మటగాని సంచి మూతి విప్పడు. నగ చేయించుకొను గృహిణి కంసాలి పనితనమును గూర్చి నలుగురి నడిగి తెలిసికొనును. కూతునకు వరుని వెదకు తండ్రి మూడు తరముల చరిత్ర త్రవ్వును. ఇంత జాగరూకత గల మన జనులే, మూడేండ్ల పసిబిడ్డను దినమునకు నాలుగైదు గంటలసేపు ఎవరి చేతిలో విడిచి వచ్చుచున్నారో ఆ మనిషిని గూర్చి మాత్రము ఏమియు విచారింపరు. గోడలమీది రంగుబొమ్మలు చూతురు, బండి ఇంటి ముంగిటికి వచ్చునా యని అడుగుదురు, ఫీజు బేరమాడుదురు. లోపల ఆ బిడ్డను ఎత్తుకొను చేతులెవరివో చూడరు. ఈ ఉపమానము మోటుగా నున్నచో పాఠకులు క్షమింతురు గాక. మన యశ్రద్ధ అంతకంటె మోటుగా నున్నది.

వేసవి ముగియ వచ్చునప్పటికి ప్రతియేడును పట్టణములలో శిశువిద్యాలయముల ప్రకటనలు వెలయుచుండును. ఖాళీలు ఏర్పడినప్పుడెల్ల అంగన్‌వాడీ నియామకముల ప్రకటనలు వెలువడుచుండును. ఈ రెండు చోట్లను ఎన్నుకొనువారు మనలోని వారే. పఠనమందిరములో కూర్చుండి ఈ పత్రిక చదువు పెద్దలలో కొందరు పాఠశాలల యజమానులు. కొందరు పంచాయతీ సభ్యులు. కొందరు ‘మా అమ్మాయిని కొంచెము చూడుడు’ అని సిఫారసు వ్రాయువారు. తక్కినవారెల్ల తల్లిదండ్రులు, తాతలు. కావున పసిపిల్లలకు గురువు నెన్నుకొనునప్పుడు ఏయే గుణములు చూడవలెను, వానిని ఎట్లు కనుగొనవలెను అను విషయమును మాకు తోచినంతవరకు విన్నవింప దలచినాము.

ముందుగా ఈ యెన్నికకు గల బరువును గుర్తింపవలెను. మనుష్యుని మెదడు పెరుగుదలలో నూటికి 85 పాళ్లకు మించిన భాగము ఆరేండ్లు నిండకముందే జరుగునని 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. మాట, నడక, భయము, ధైర్యము, ఇతరులతో పంచుకొనుట, తన వంతుకై వేచియుండుట, ఇవన్నియు ఆ వయస్సులోనే కుదురుకొనును. ఐనను మన చట్టములు ఈ వయస్సువద్దకు వచ్చునప్పటికి గొంతు తగ్గించుచున్నవి. 2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా నొసగినది. ఆరేండ్ల లోపువారి విషయమున మాత్రము రాజ్యము ‘ప్రయత్నింపవలెను’ అని 45వ అధికరణము చెప్పి యూరకున్నది. 2009 విద్యాహక్కు చట్టపు 11వ సెక్షను మూడేండ్లు దాటిన పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య నిమిత్తము ప్రభుత్వము ఏర్పాట్లు ‘చేయవచ్చును’ అన్నది. అదే చట్టపు 17వ సెక్షను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. కాని ఆ చట్టము ‘బిడ్డ’ అనునప్పుడు ఆరు నిండినవానినే ఉద్దేశించుచున్నది. చిన్నవానికి రక్షణ బొత్తిగా లేదని కాదు. తన సంరక్షణలోని బిడ్డను హింసించువారిని 2015 బాలల న్యాయచట్టము శిక్షించును. ఐనను ఏ చట్టమును ఆ గది లోపల కూర్చుండి చూచుచుండదు. అక్కడ చట్టమును, పాఠ్యపుస్తకమును, పర్యవేక్షకుడును అన్నియు ఆ యొక్క మనిషియే. ఆమె మంచిదైన బడి మంచిది. ఆమె కఠినురాలైన బడి కఠినము.

ఇట్టి మనిషిని నేడు మన మెట్లు ఎన్నుకొనుచున్నాము? రెండు తీరులు కానవచ్చుచున్నవి.

మొదటిది ప్రభుత్వపు తీరు. 1975 అక్టోబరు 2వ తేదీన 33 చోట్ల ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము నేడు దేశమున సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రములుగా విస్తరించినది. వానిలో ఆంధ్రప్రదేశమున 55 వేలకును, తెలంగాణమున 35 వేలకును మించి యున్నవి. ఈ కేంద్రముల కార్యకర్తలకు మన ప్రాంతపు ప్రకటనలలో చిరకాలము కనబడిన యర్హతలు ఇవి: పదవ తరగతి ఉత్తీర్ణత, 21 మొదలు 35 ఏండ్ల వయస్సు, ఆ యూరిలోనే నివాసము, వివాహిత యగుట. ఈ నియమములు అర్థరహితములని మే మనము. ఊరి మనిషియైనచో ఊరి పిల్లల భాష తెలియును, తల్లులతో చనువుండును. పెండ్లియై అత్తవారింటికి వెడలిపోవునను భయమున ‘వివాహిత’ యను నియమము పుట్టినది. కాని ఈ కాగితములలో ఎక్కడను ‘ఈమె పిల్లలతో కూర్చుండగలదా’ అను ప్రశ్న లేదు. కాగితములు సమానమైన యిద్దరిలో ఒకరి నెన్నుకొనవలసి వచ్చినప్పుడు గుణమునకు ముందుగా సిఫారసు నడచుననుట పల్లెల నెరిగినవారికి క్రొత్త సంగతి గాదు.

రెండవది ప్రయివేటు తీరు. ఇక్కడ చూచునవి రెండే: ఇంగ్లీషులో గలగల మాటలాడునా, తక్కువ జీతమునకు వచ్చునా. డిగ్రీ ముగించి, పెండ్లికో మరొక ఉద్యోగమునకో ఎదురుచూచుచున్న బాలికను కొలది వేలకు తెచ్చి, ముప్పదిమంది పసివాండ్ర నడుమ నిలువబెట్టుదురు. 2013వ సంవత్సరపు జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానము మూడు మొదలు ఆరేండ్ల పిల్లలు ఇరువదిమందికి ఒక గురువును నిర్దేశించినది. ఆ లెక్క పలుచోట్ల కాగితము దాటలేదు. ఆ బాలికను మేము నిందింపము. ఆమెకు ఎవరును ఏమియు నేర్పలేదు. ముప్పదిమంది ఒక్కసారి ఏడ్చినచో ఆమె చేయగలిగిన దేమి? వ్రేలు పెదవులమీద పెట్టి ‘నోరు మూసికొనుడు’ అనుట తప్ప ఆమెకు వేరు ఉపాయము తోచదు. బడి నిశ్శబ్దముగా నుండును. తల్లిదండ్రులు ‘ఆహా, ఏమి క్రమశిక్షణ’ అని సంతోషింతురు.

మన పెద్దలలో వీధిబడి కోదండమును, గోడకుర్చీని కన్నులార చూచినవారు, వాని కథలు విన్నవారు ఇంకను కలరు. కోదండము పోయినది, మంచిదే. భయముతోనే చదువు వచ్చునను నమ్మకము మాత్రము పోలేదు. రంగుబొమ్మల గోడలచాటున అది క్రొత్త కాపురము పెట్టినది.

శిశువిద్యకు దారి చూపినవారు గురువు నెట్లు చూచిరో ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. 1907 జనవరి 6వ తేదీన రోము నగరమున, శాన్ లొరెంజో యను పేదల వాడలో, మరియా మాంటిస్సోరి యను వైద్యురాలు ‘బాలగృహము’ను తెరచెను. అక్కడ ఆమెకు మొదటి సహాయకురాలు ఉపాధ్యాయ శిక్షణ పొందిన పండితురాలు గాదు. ఒక సామాన్య యువతి. పాతబడి యలవాట్లు లేనిది గనుక, పిల్లల పనిలో జోక్యము చేసికొనక, చెప్పినది చెప్పినట్లు చేసి, జరిగినది జరిగినట్లు చూచి చెప్పగలిగెను. 1939లో ఆ మాంటిస్సోరియే మన దేశమునకు వచ్చి మద్రాసు అడయారులో శిక్షణ తరగతులు నడపెను. యుద్ధకాలము మన గడ్డమీదనే గడపెను. ఆమె గురువులకు నేర్పిన మొదటి పాఠము చూచుట. బోధించుటకు ముందు బిడ్డను చూడవలెను.

ఘూర్జరదేశమున గిజుభాయి బధేకా వకీలు. కొడుకు పుట్టిన పిమ్మట బిడ్డల చదువుమీద మనస్సు పోయి, న్యాయవాదవృత్తి వదలి, 1920లో భావనగరము దక్షిణామూర్తి సంస్థలో బాలమందిరము నెలకొల్పెను. కథలు చెప్పి, ఆటలాడించి, పిల్లలతో పిల్లవాడై మెలగిన ఆయనను ప్రజలు ‘మీసాల తల్లి’ యని పిలిచిరి. ఈ పేరులో మనకొక పాఠము గలదు. పసిపిల్లల పెంపకము స్త్రీకి పుట్టుకతో వచ్చు విద్య యనియు, కావున ఏ స్త్రీయైనను చాలుననియు, ఏ పురుషుడును పనికిరాడనియు మనము తలచుచున్నాము. రెండును పొరపాటులే. తల్లితనము శ్రద్ధచే వచ్చు గుణము. అది మీసములు గలవానికిని రాగలదు, పదిమందిని కన్నదానికిని రాకపోగలదు.

గిజుభాయితో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరమందలి బోర్డీ గ్రామమునకు చేరెను. పేదల పిల్లలు బడికి రాలేనప్పుడు బడియే వారి ముంగిటికి పోవలెనని ఆమె నిశ్చయించెను. ముంగిట పెట్టిన ఆ తోటకే ‘అంగన్‌వాడీ’ యని పేరు. పట్టణముల ఖరీదైన సామగ్రికి బదులు గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి యుపకరణము లాయెను. ఆమెకు కుడిభుజమై నిలిచిన అనుతాయి వాఘ్ పదుమూడేండ్లకే పెండ్లియై, కొలది నెలలలోనే భర్తను పోగొట్టుకొనిన స్త్రీ. వివాహితయా, అవివాహితయా, వితంతువా యను విచారణకంటె ‘ఈమె ఆ వాడకు ప్రతిదినము పోవునా, ఆ పిల్లలను దగ్గరకు తీయునా’ యను విచారణ గొప్పదని ఆమె జీవితము చాటుచున్నది.

ఇక గుణములు చెప్పెదము.

మొదటిది ఓర్పు. ఓర్పనగా ముఖమున చిరునవ్వు అతికించుకొనుట కాదు. ఒకే ప్రశ్నను పదునొకండవ సారి అడిగినప్పుడును మొదటిసారివలె జవాబు చెప్పగలుగుట. పాలు ఒలికినప్పుడు కోపమునకు బదులు గుడ్డ తెచ్చుకొని, ఆ బిడ్డచేతనే తుడిపించగలుగుట. ఈ ఓర్పు లేనివారు ఎంత చదివినవారైనను ఈ పనికి తగరు. వారికి వేరు ఉద్యోగములు చాల గలవు. ఒక్క చెంపదెబ్బ కొట్టినవారిని, చీకటిగదిలో పెట్టెదనని బెదరించినవారిని, పక్క తడిపినందుకు పదిమందిలో నవ్వులపాలు చేసినవారిని ఆ దినమే సాగనంపవలెను. ఇందులో రెండవ మాటకు తావు లేదు.

రెండవది నోటి మాట. పసివాని చదువంతయు వినుటలోను మాటలాడుటలోను నున్నది. కావున గురువునకు కథలు రావలెను, పాటలు రావలెను, పొడుపుకథలు రావలెను. పుస్తకము చూడక, పిల్లల కన్నులలోనికి చూచుచు కథ చెప్పగలవారు కావలెను. ఆ కథ పిల్లల యింటి భాషలో నుండవలెను. మూడేండ్ల తెలుగుబిడ్డకు దాహమైనదని చెప్పుటకు ఇంగ్లీషు వెదకుకొనవలసిన దుస్థితి వచ్చినచో ఆ బిడ్డ దాహము చెప్పుకొనుటయే మానివేయును. ఇంగ్లీషు నేర్చుటకు ముందు వయస్సు చాల గలదు. ఇంటి భాషయని మేమనునది తెలుగు మాత్రమే కాదు. ఆదిలాబాదు అడవులలో గోండీ, భద్రాచల ప్రాంతమున కోయ, శ్రీకాకుళపు కొండలలో సవర, తండాలలో లంబాడీ, హైదరాబాదు, కర్నూలు వీధులలో ఉర్దూ, ఇవి ఆయా బిడ్డల తల్లిభాషలు. ఇంగ్లీషు రాలేదని తెలుగుబిడ్డను చిన్నబుచ్చుట అన్యాయమని మనము తలచినప్పుడు, తెలుగు రాలేదని గోండుబిడ్డను చిన్నబుచ్చుటయు అంతే అన్యాయము.

మూడవది చూచు కన్ను. నిన్నటివరకు పరుగెత్తిన పిల్లవాడు నేడు మూలన కూర్చున్నాడేల? ఈ పిల్ల పిలిచినను తిరిగి చూడదేల. చెవి సరిగా వినబడుట లేదా? ఈ బిడ్డ చేతిమీది మచ్చ ఎట్లు వచ్చినది? ఇట్టివి తల్లికన్న ముందుగా గురువు కంట పడవచ్చును. బరువు తగ్గుచున్న బిడ్డను గుర్తించి వైద్యునికి చూపవలసినది ఆమెయే. బిడ్డపై లైంగిక దౌర్జన్యము జరిగినదను అనుమానము కలిగినచో దాచక తెలుపుట ప్రతివాని విధియని 2012 పోక్సో చట్టపు 19వ సెక్షను శాసించుచున్నది. ‘మన కెందుకులే’ యను స్వభావము గలవారు ఈ పనికి పనికిరారు.

నాలుగవది సమదృష్టి. దీనిని మేము అన్నిటికంటె నిశితముగా పరీక్షింపు మందుము. నూనె రాచి, జడ వేసి, పౌడరు పూసి పంపిన బిడ్డను ఒడిలో కూర్చుండ బెట్టుకొనుట ఎవరికైనను సులభము. ముక్కు కారుచు, చిరిగిన చొక్కాతో, పేదవాడ నుండి వచ్చిన బిడ్డను అదే ఒడిలో కూర్చుండ బెట్టుకొనునా? భోజనపు వరుసలో ఆ బిడ్డ చివర కూర్చున్నాడా, నడుమ కూర్చున్నాడా? పేరు పెట్టి పిలుచునా, కులము పెట్టియో వంకరకాలు పెట్టియో పిలుచునా? అస్పృశ్యతను మన రాజ్యాంగపు 17వ అధికరణము రద్దుచేసినది. అది బిడ్డ మనస్సులో మొలకెత్తుటయో, మొలకెత్తక పోవుటయో ఈ భోజనపు వరుసలోనే తేలును. జాతి యేకమగుటను గూర్చి మనము సభలలో మాటలాడుదుము. ఆ పని మూడేండ్ల పిల్లల పంక్తిలో మొదలగుచున్నది.

ఐదవది శుచియు, మెలకువయు. చేతులు కడుగుకొని కడిగించుట, నీటితొట్టిపై మూత వేయుట, గుమ్మము దాటి వీధిలోనికి పోవు బిడ్డను లెక్కలో పెట్టుకొనుట, గొంతులో గింజ యడ్డుపడినప్పుడు ఏమి చేయవలెనో తెలిసియుండుట. ఆరవది నేర్చుకొను బుద్ధి. మాంటిస్సోరి సామాన్య యువతిని తీసికొనినదని చెప్పితిమి. ఆమెకు దినదినము నేర్పినదని కూడ చెప్పవలెను. గుణము విత్తనము, శిక్షణ నీరు. 2020 విద్యావిధానము ఇంటర్మీడియట్ ఆపై చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల శిక్షణయు, అంతకు తక్కువ చదివినవారికి ఒక సంవత్సరపు శిక్షణయు నిర్దేశించినది. ‘నాకన్నియు తెలియును’ అనువారికి ఆ శిక్షణ తలకెక్కదు. ‘తెలియదు, చెప్పుడు’ అనువారికి ఎక్కును.

ఈ గుణము లేవియు సర్టిఫికెట్టులో కానరావు. మరి కనుగొనుట యెట్లు? రైతు చూపిన దారియే దారి. కొన్నాళ్లు పిల్లలతో ఉంచి చూచుట కుదరనిచో, ఒక్క ఉదయమైనను చూడవలెను.

అభ్యర్థినిని పదునైదుగురు పిల్లలున్న గదిలో మూడు గంటలు ఉంచుడు. కేంద్రపు టీచరో, ఆయాయో ప్రక్కనే యుండవలెను. పరీక్ష పేరిట బిడ్డలకు కష్టము కలుగరాదు. ఎన్నుకొనువారు ఒక మూల చాపమీద కూర్చుండి మాటలాడక చూడవలెను. ఆమె నిలుచుండి పైనుండి మాటలాడుచున్నదా, క్రింద కూర్చుండి పిల్లల కంటికి సమానముగా కన్ను దించుచున్నదా? తల్లికై ఏడ్చు బిడ్డను ఊరక కసరుచున్నదా, మిఠాయితో నోరు మూయుచున్నదా, ఎత్తుకొని కిటికీలోనుండి కాకిని చూపుచున్నదా? ప్రశ్న వేసి జవాబునకు వేచియున్నదా, తానే జవాబు చెప్పివేయుచున్నదా? గంట గడచునప్పటికి ఎందరి పేర్లు నేర్చుకొనినది? మాటలాడని బిడ్డ దగ్గరకు ఒక్కసారియైనను పోయినదా? పిల్లలు గుజ్జనగూళ్లు వండి దోసిలిలో ఇసుక పెట్టి ‘తినుము’ అనినప్పుడు ఆమె తిని, ఉప్పు తక్కువైనదని చెప్పినదా? నవ్వకుడు. ఈ కడపటి ప్రశ్నకు జవాబు ‘అవును’ అయినచో తక్కినవి చాలవరకు సరియైనవే యుండును.

పిమ్మట మూడు ప్రశ్నలు అడుగుడు. ‘ఒక పిల్లవాడు తోటివానిని కొరికినాడు, ఏమి చేయుదువు?’ తిరిగి కొరికించెద ననువారు కలరు. ఊరకుండెద ననువారు కలరు. ముందుగా దెబ్బ తగిలినవానిని ఓదార్చి, పిమ్మట కొరికినవాని చేయి పట్టుకొని కారణము వెదకెద నను జవాబు మనకు కావలెను. ‘నాలుగేండ్ల బిడ్డకు ఇంకను వ్రాయుట రాలేదని తండ్రి కోపించినాడు, ఏమి చెప్పుదువు?’ ఆ తండ్రికి భయపడి బిడ్డ వ్రేళ్లు పట్టి దిద్దించువారు వద్దు. మట్టి పిసికి, పూసలు గ్రుచ్చి, ముగ్గు గీసి వ్రేళ్లకు బలము వచ్చిన పిమ్మట అక్షరము దానంతట వచ్చునని మర్యాదగా, గట్టిగా చెప్పగలవారు కావలెను. ‘నీకు మిక్కిలి విసుగు వచ్చిన దినమున ఏమి చేయుదువు?’ నాకు విసుగే రాదనువారిని నమ్మకుడు. విసుగు వచ్చునని ఒప్పుకొని, ఒక క్షణము ఆయాకు పిల్లలనప్పగించి నీళ్లు త్రాగి వత్తునను సత్యవాదిని నమ్ముడు. కడపట, ఆమె మునుపు పనిచేసిన చోటును, ఉన్న వీధిని విచారింపుడు. పిల్లల యెడ నేరచరిత్ర గలవారు కారని రూఢి చేసికొనుడు. ఎంత మంచి ముఖమైనను ఈ విచారణ మానరాదు.

‘తల్లిదండ్రులు ఇంగ్లీషే కోరుచున్నారు, మేమేమి చేయుదుము’ అని పాఠశాలల యజమానులు అందురు. తల్లిదండ్రులు కోరునది బిడ్డ మేలు. ఇంగ్లీషు ఆ మేలునకు తాళపుచెవి యని వారికి చెప్పినవారు మీరే. ఇంటికి వచ్చిన బిడ్డ కథ చెప్పుచు, పాట పాడుచు, రేపు బడికి ఎప్పుడు పోదుమని అడిగినచో ఏ తల్లియు ఫిర్యాదు చేయదు. ‘వేలకొలది నియామకములలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఉదయము ఎక్కడ తెత్తుము’ అని అధికారులు అందురు. ఒక నియామకము ఇరువది ముప్పదేండ్లు నిలుచును. ఏటికి ఇరువదిమంది బిడ్డలైనను ఆమె చేతిమీదుగా పోయినవారు నాలుగైదు వందలు. అన్ని వందల బాల్యముల నిమిత్తము మూడు గంటలు ఎక్కువా? కాగితపు అర్హతలు సరిపోయినవారిలో కడపటి ముగ్గురిని మాత్రము ఇట్లు చూచిన చాలును. చూచువారిలో పర్యవేక్షకురాలు ఒకరు, ఆ యూరి తల్లులిద్దరు, పేరుగల విశ్రాంత ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో ఒకరు నుండవలెను. ప్రతి ఒక్కరును తమ మార్కులను వేరుగా వ్రాసి, అక్కడనే చదివి వినిపింపవలెను. పదిమంది ఎదుట చదివిన మార్కులముందు సిఫారసు చీటీకి కొంచెమైనను సిగ్గు వచ్చును.

మంచి మనిషిని ఎన్నుకొనుటతో మన విధి ముగియలేదు. ఆమెను నిలుపుకొనవలెను. 2018లో కేంద్రప్రభుత్వము కార్యకర్తకు తన లెక్కన నిర్ణయించిన గౌరవవేతనము నెలకు 4,500 రూపాయలు. రాష్ట్రముల వాటాతో కలిపి ఆంధ్రప్రదేశమున 2019లో 11,500, తెలంగాణమున 2021లో 13,650 రూపాయలైనది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశపు అంగన్‌వాడీ స్త్రీలు మొదలిడిన సమ్మె 42 దినములు సాగినది. దానిపై ప్రభుత్వము అత్యవసర సేవల చట్టమును ప్రయోగించినది. ఇందలి విరోధమును పాఠకులు గమనింతురు గాక: పని ‘అత్యవసరము’, ప్రతిఫలము ‘గౌరవము’! 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఈ కార్యకర్తలును, సహాయకురాండ్రును గ్రాట్యుటీకి అర్హులని తీర్పుచెప్పి, వారి పని పనియే యని యొప్పుకొన్నది. దీనికి తోడు, తూకములు, పంపిణీలు, సర్వేలు, ఫోనులో దినదినము ఎక్కింపవలసిన లెక్కలు ఆమె ఉదయములను మ్రింగివేయుచున్నవి. ఫోనువైపు వంచిన తల బిడ్డవైపు తిరుగుట యెప్పుడు? ఎంత నెమ్మదిగల మనిషినైనను ఆకలితోను, లెక్కలతోను విసిగించి, పిమ్మట ఆమెకు ఓర్పు లేదని నిందించుట న్యాయము కాదు. ప్రయివేటు యజమానులకును ఇదే మా మనవి. బడి బండి నడపు డ్రైవరునకు ఇచ్చునంత జీతమైనను ఆ బండిలో వచ్చిన బిడ్డల గురువునకు ఇచ్చుచున్నారా యని తమ పద్దు పుస్తకమును ఒకమారు తెరచి చూచుకొందురు గాక.

కళాశాలలో ఆచార్యుని నియమించుటకు ఎన్ని పట్టములు, ఎన్ని సంఘములు, ఎన్ని పరీక్షలు! ఆ యాచార్యుని వద్దకు వచ్చువాడు పదునెనిమిదేండ్లవాడు. గురువు చెడ్డవాడైన ఎదిరించును, మానివేయును, పుస్తకము చూచి తానే చదువుకొనును. మూడేండ్లవాడు ఎదిరింపలేడు, చెప్పుకొనలేడు, తనకు అన్యాయము జరిగినదని గుర్తింపనైనను లేడు. లోక మిట్లే యుండు ననుకొనును. అందుచేత మన పరీక్షలలో కెల్ల కఠినమైనది ఈ తొలి గురువునకే పెట్టవలెను. మన గౌరవములలో మొదటిదియు ఈమెకే చెందవలెను.

బిడ్డను బడిలో చేర్పింపబోవు తల్లిదండ్రులకు ఒక్క మాట. గోడలు చూచినది చాలును. ‘మా బిడ్డ టీచరు ఎవరు? ఒక్క గంట ఆమె తరగతిలో కూర్చుండి చూడవచ్చునా?’ అని అడుగుడు. పిల్లలకు అలజడి కలుగకుండ ఒక సమయము నిర్ణయించి పిలిచినచో అది మర్యాదగల బడి. ఎన్నడును చూడరాదని తలుపు మూసినచో అక్కడనుండి వెనుకకు మరలుడు. పంచాయతీ సభ్యులకు ఒక్క మాట. మీ యూరి అంగన్‌వాడీలో ఖాళీ వచ్చినప్పుడు సిఫారసు చీటీ వ్రాయుటకు ముందు ఆ ముంగిట ఒక ఉదయము చాపమీద కూర్చుండి రండు. ఆ పిమ్మట కూడ ఆ చీటీ వ్రాయుటకు మీ చేయి వచ్చునేమో చూచుకొనుడు.